ఇంటింటా తూటా పథకం

రాళ్ళదిన్నె సాయుధ పోలీసు పటాలంలో ఆయుధాగారం చూసుకునే హెడ్ కానిస్టేబుల్ మద్దిలేటి గొప్పలు చెప్పుకునే మనిషి కాడు. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో అతను గర్వంగా చెప్పుకున్నది ఒకే ఒక్క మాట. తన చేతి మీదుగా వెళ్ళిన తూటా ఏదీ పేలకుండా వెనక్కి రాలేదు.

ఆ పటాలంలో కాల్పుల ప్రాక్టీసు ముగిశాకే అసలు డ్యూటీ మొదలవుతుంది. పేల్చిన ప్రతి తూటాకూ ఒక ఇత్తడి తొడుగు మిగులుతుంది. పోలీసుల మాటల్లో దాని పేరు ఎంప్టీ. ఇచ్చినవెన్నో అన్ని ఎంప్టీలూ తిరిగి రావాలి. ఒక్కటి తగ్గినా వందమంది జవాన్లు మోకాళ్ళ మీద పాకుతూ గడ్డి పరకలు పక్కకు తీసి, జల్లెళ్ళతో మట్టి పట్టి వెతకాలి. అలా వెతికి తెచ్చిన ఎంప్టీలు పద్దెనిమిదేళ్ళుగా గోనెసంచుల్లో మూలుగుతున్నాయి. అమ్మడానికి రూలు లేదు. పారెయ్యడానికి వీలు లేదు. ఉంచడానికి చోటు లేదు.

ఆ ఏడు మార్చిలో కమాండెంట్ శశాంకధర్ గారు పది రోజుల విదేశీ శిక్షణకు వెళ్ళి వచ్చారు. శిక్షణ ట్రాఫిక్ గురించి. అయితే ఒక ఆదివారం అక్కడెవరో ఆయన్ని ఇంటికి పిలిచారు. ఆ ఇంటాయన కారు షెడ్డులో స్టూలు మీద కూర్చుని, పక్కన కాఫీ కప్పు పెట్టుకుని, చిన్న యంత్రం పిడి కిందికీ పైకీ ఆడిస్తూ తన రైఫిలు తూటాలు తానే నింపుకుంటున్నాడు. కాల్చిన తొడుగులోనే మళ్ళీ మందు, మళ్ళీ గుండు. కమాండెంట్ గారు రెండు గంటలు కళ్ళార్పకుండా చూశారు. తిరుగు ప్రయాణంలో విమానం వాళ్ళిచ్చిన కాగితపు రుమాలు మీద పథకం మొత్తం రాసేశారు.

వచ్చిన మర్నాడే పెరేడ్‌లో అందర్నీ నిలబెట్టారు.

"ఖాళీ తొడుగు ఒక వ్యర్థం కాదు. అదొక అవకాశం!" అన్నారు. "నేటి నుండి ఈ పటాలంలో ప్రతి గృహమూ ఒక కర్మాగారం. ప్రతి గృహిణీ ఒక దేశరక్షకురాలు. తూటాను పైనుండి కోరే దశ నుండి, తూటాను లోపలి నుండి సాధించే దశకు మనం పరిణతి చెందుతున్నాము!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఎండ మండిపోతోంది. ఎంత గట్టిగా కొడితే అంత త్వరగా వదిలేస్తారని వాళ్ళకు అనుభవం.

పెరేడ్ అయ్యాక మద్దిలేటి ఆఫీసుకి వెళ్ళి సెల్యూట్ కొట్టాడు. కమాండెంట్ గారి పక్కన ఆఫీసు సూపరింటెండెంటు పరబ్రహ్మం నోట్‌బుక్కు తెరిచి కూర్చున్నాడు. పటాలంలో ఏ మాట పుట్టినా దానికి సర్క్యులర్ బట్టలు తొడిగేది ఆయనే.

"సార్, చిన్న మనవి. తూటా నింపాలంటే మూడు కావాల సార్. కొలత తప్పని యంత్రం ఒకటి. అడుగున నిప్పు పుట్టించే చిన్న టోపీ ఒకటి. మందు ఒకటి. ఒక్క దాంట్లో వెంట్రుకవాసి తేడా వచ్చినా తుపాకీ మన మొహం మీదనే పేల్తాది సార్. ఇండ్లల్లో పిల్లలుంటారు, పొయ్యిలుంటాయి."

"మద్దిలేటీ, నువ్వు నాకు సమస్యలు తెస్తున్నావా, పరిష్కారాలు తెస్తున్నావా?"

"నిజం తెస్తాండా సార్."

కమాండెంట్ గారు జాలిగా నవ్వారు. పరబ్రహ్మం రాసుకున్నాడు: 'ఆయుధాగార సిబ్బంది మూడు ఉత్సాహభరితమైన సూచనలు చేసి, పథకానికి సంపూర్ణ మద్దతు ప్రకటించినారు.'

సాయంత్రం అయిదింటికి మద్దిలేటి ఇంటికి, అంటే పద్నాలుగో నంబరు క్వార్టరుకి, ఒక గోనెసంచి వచ్చింది. ఆయన భార్య సుంకులమ్మ కొంగు నడుముకు చుట్టుకుని సంచి విప్పి చూసింది.

"ఏందయ్యా ఇవి? పుచ్చిపోయిన కందుల మాదిరిగా."

"ఎంప్టీలు. అయిదొందలు. మనమే నింపాలంట."

"దేంతో?"

"తెల్దు."

"ఎప్పటికి?"

"వచ్చే నెలాఖరుకి."

సుంకులమ్మ ఆయన మొహంలోకి చూసింది. ముప్పయ్యేళ్ళ కాపురంలో మొగుడు హాస్యమాడిన సందర్భాలు ఆమెకు రెండు గుర్తున్నాయి. ఇది మూడోది కాదని మొహమే చెప్పింది. ఆమె సంచి మూతి కట్టేసి దొంతి కుండల పక్కకు ఈడ్చింది.

వారంలో యంత్రాలు కూడా వచ్చాయి. టెండరు కాగితంలో పరబ్రహ్మం 'చేతితో ఒత్తుటకు వీలైన, గొట్టపు ఆకారము గల, తుప్పు పట్టని లోహ యంత్రము' అని రాశాడు. ఆ వర్ణనకు అక్షరాలా సరిపోయే వస్తువుతో పాత్రల కొట్టువాడు ముందుకొచ్చాడు. ప్రతి ఇంటికీ ఒక జంతికల గొట్టం అందింది. సీరియల్ నంబరు కొట్టి, పోలీసు ముద్ర వేసి, 'ఆయుధ సామగ్రి, తాకరాదు' అని చీటీ అంటించారు. సుంకులమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, బిళ్ళలు మాత్రం బాగున్నాయంది.

అసలు చిక్కు మందుతో వచ్చింది. మందు కావాలంటే పేలుడు సామగ్రి అనుమతుల కార్యాలయం సరే అనాలి. పరబ్రహ్మం ఉత్తరం రాశాడు. నెలకు జవాబొచ్చింది. మద్దిలేటిని పిలిచి చదివి వినిపించాడు.

"'మందు నిల్వ ఉంచు ఏ గృహమైనను నిల్వాగారముగా పరిగణింపబడును. నిల్వాగారమునకు నలుబది అయిదు మీటర్ల లోపల మానవ నివాసము, పొయ్యి, దీపము, విద్యుత్తు ఉండరాదు.' అర్థమయిందా?"

"అయింది సార్. ఇండ్లల్లో చెయ్యకూడదని చెప్తాండారు. అంతే కదా. పథకం ఆగిపోయినట్టే."

పరబ్రహ్మం కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాడు.

"పొరపాటు. ఇళ్ళల్లో చెయ్యకూడదని ఎక్కడుంది? ఇళ్ళల్లో మనుషులు ఉండకూడదని ఉంది. మనుషుల్ని తీసేస్తే ఇల్లు నిబంధనకు సరిపోతుంది."

"మనుషులు లేకపోతే అది ఇల్లెట్ల అవుతాది సార్?"

"ఇల్లు అనగా నాలుగు గోడలు, ఒక పైకప్పు. ప్రజాపనుల మాన్యువల్ చూడు. మనుషుల ప్రస్తావన ఎక్కడా లేదు."

మూడో రోజుకు నూట ఇరవై క్వార్టర్లు ఖాళీ అయ్యాయి. కరెంటు తీగలు కోసేశారు. గ్యాసు పొయ్యిలు బయటికి తెచ్చారు. ఇళ్ళ చుట్టూ సున్నంతో గీత గీశారు. కుటుంబాలన్నీ పెరేడ్ గ్రౌండులో వరసగా వేసిన గుడారాల్లోకి మారాయి. ఏప్రిల్ ఎండ. గుడారం లోపల కూర్చుంటే ఇడ్లీ పాత్రలో కూర్చున్నట్టుంది. కమాండెంట్ గారు గుర్రమెక్కి గుడారాల మధ్య తిరుగుతూ, ఇది చూస్తే రాజుల కాలపు యుద్ధశిబిరం గుర్తొస్తోందని ఆనందించారు.

"మన ఇల్లు కండ్లకెదురుగానే కనపడతాండాది. లోపలికి పోనీయరు" అంది సుంకులమ్మ గుడారం ముందు నిలబడి. "ఏ తప్పు చేసినామని?"

మద్దిలేటి బిందె తీసుకుని ట్యాంకరు క్యూలో నిలబడడానికి వెళ్ళాడు.

ఇళ్ళు సిద్ధమయ్యాయి గాని మందు రాలేదు. అనుమతుల కార్యాలయం నుంచి తనిఖీ అధికారి వచ్చి చూసి సంతకం పెట్టాలి. ఆయనకు తీరిక జూన్‌లో. పథకం మొదటి విడత గడువు ఏప్రిల్ ముప్పై. కమాండెంట్ గారు అత్యవసర సమావేశం పెట్టారు.

"మందు లేదని పని ఆపుతామా? ఈలోగా నైపుణ్యం పెంపొందించుకోవాలి. మందును పోలిన పదార్థంతో అభ్యాసం చేయించండి. గింజ సన్నగా ఉండాలి. తేమ ఉండకూడదు. సులభంగా దొరకాలి."

మెస్సు స్టోరు నుంచి నలభై బస్తాల ఉప్మారవ్వ గుడారాలకు చేరింది. కాగితాల్లో దాని పేరు 'అనుకరణ చోదకము'. అడుగున పెట్టాల్సిన టోపీలూ రాలేదు కాబట్టి పాత యూనిఫారాల గుండీలు అతికించమన్నారు. పైన గుండు మాత్రం అసలైనదే, సీసంతో పోసింది.

ఆడవాళ్ళు కూర్చున్నారు. ఒకసారి పని చేతికొచ్చాక వాళ్ళను ఆపడం ఎవరి తరమూ కాలేదు. సుంకులమ్మ రవ్వను ముందు దోరగా వేయించేది. పచ్చి రవ్వయితే పురుగు పడుతుందని ఆమె వాదన. జంతికల గొట్టానికి చిల్లు ఒకటే ఉన్న బిళ్ళ వేసి, తొడుగులోకి గింజ కింద పడకుండా ఒత్తేది. నెలాఖరుకు పదకొండు వేల తూటాలు తయారయ్యాయి. తుడిచి, మెరుగుపెట్టి వరుసగా పేరిస్తే, అసలు వాటికీ వీటికీ తేడా మద్దిలేటి కూడా చేతిలో పట్టుకుని తూచి చూస్తే తప్ప చెప్పలేకపోయేవాడు.

అభ్యాసానికి చేసినవి కాబట్టి చూసి పడేస్తారనుకున్నాడు. నెలవారీ నివేదిక చూశాక గాని తెలియలేదు. అందులో 'అభ్యాసము' అన్న మాట పేజీలో చోటు చాలక ఎగిరిపోయింది. 'తయారైన తూటాలు: పదకొండు వేలు' అని మిగిలింది.

అది చూసి పై ఆఫీసు నుంచి ఐజీ గారు స్వయంగా ప్రదర్శన చూడ్డానికి బయల్దేరారు.

ఆ రోజు కాల్పుల మైదానానికి తోరణాలు కట్టారు. ఇరవైమంది జవాన్లు బోర్లా పడుకుని గురి పెట్టారు. ఐజీ గారు చెవుల్లో దూది పెట్టుకున్నారు. ఫైర్ అన్నారు. ఇరవై తుపాకులు ఒక్కసారిగా టిక్కుమన్నాయి. మళ్ళీ టిక్కు. అయిదు విడతలు వంద టిక్కులు. దూరంగా లక్ష్యాల మీద ఒక కాకి వాలి తోక సర్దుకుంది.

ఐజీ గారు దూది తీసి చుట్టూ చూశారు. "అయిందా?"

"దిగ్విజయంగా ముగిసింది సార్" అన్నారు కమాండెంట్ గారు. "ప్రమాదాలు సున్నా. గాయాలు సున్నా. శబ్ద కాలుష్యం సున్నా. గత ఏడాది ఇదే మైదానంలో ఒక జవాను భుజం బెణికింది సార్. ఈ ఏడాది ఎవరి భుజమూ బెణకలేదు."

ఐజీ గారు ఆలోచనలో పడ్డారు. ఆయన ఈ ప్రదర్శనకు ముందే మంత్రిగారికి ఫోను చేసి బాగా జరిగిందని చెప్పేసి ఉన్నారు. మద్దిలేటి వైపు తిరిగి, ఒక తూటా చేతిలోకి తీసుకుని అడిగారు.

"ఇందులో వాడిన మందేమిటి?"

పరబ్రహ్మం దగ్గాడు. మద్దిలేటి నిటారుగా నిలబడి చెప్పాడు. "ఉప్మారవ్వ సార్."

ఐజీ గారు తూటాను వెలుతురుకేసి తిప్పి చూశారు.

"ఏ శ్రేణి?"

"సార్?"

"సన్నమా, ముతకా?"

"మధ్యరకం సార్. వేయించింది."

"వెరీ గుడ్. స్థానికంగా లభ్యమయ్యే చోదకం." ఐజీ గారు తన డైరీలో 'ఉ.ర. మధ్య శ్రేణి, ఉష్ణ సంస్కారం పొందినది' అని రాసుకుని జీపెక్కారు.

పదిహేను రోజులకు ఉత్తర్వు వచ్చింది. పునఃపూరిత తూటాల వలన ఇంతవరకు ఏ ప్రమాదమూ సంభవించనందునను, పాత తూటాలు స్వభావరీత్యా పేలుడు గుణము కలిగి ప్రమాదకరమైనందునను, ఇకమీదట కాపలాలకు, ఖైదీల వెంట వెళ్ళే బృందాలకు ఉ.ర. తూటాలే ఇవ్వవలెను. పాతవి లోపలి గదిలో పెట్టి తాళము వేయవలెను. అంతా సక్రమమని ఆయుధాగార హెడ్ కానిస్టేబుల్ ప్రతి వారం ధ్రువీకరించవలెను.

ఆ కాగితం పట్టుకుని మద్దిలేటి లోపలి గదిలో చాలాసేపు కూర్చున్నాడు. రేపు పొద్దున ట్రెజరీ కాపలాకి నలుగురు వెళ్తారు. జైలు నుంచి కోర్టుకి ముగ్గురు హంతకుల్ని తీసుకెళ్ళడానికి ఆరుగురు వెళ్తారు. వాళ్ళలో కంబగిరి ఉన్నాడు. పెళ్ళయి ఏడాది కాలేదు. దారిలో ఎవడన్నా కత్తి తీస్తే కంబగిరి చేతిలో ఉండేది రవ్వ.

మద్దిలేటి ఎన్నడూ ఉత్తర్వు మీరినవాడు కాదు. సెలవు రోజున కూడా టోపీ సరిగ్గా పెట్టుకునే రకం. అయినా తాళం తీసి, ఉ.ర. తూటాలు సంచిలో పోసి, వాటి స్థానంలో పాతవి, నిజమైనవి, లెక్క తప్పకుండా పెట్టాడు. ఎవరికీ చెప్పలేదు. ఒక్కడికి చెబితే టీ తాగేలోగా పటాలమంతా తెలుస్తుంది. సుంకులమ్మకు కూడా చెప్పలేదు. వారం వారం 'అంతా సక్రమము' అని సంతకం చేశాడు. ఆ మాట రాసేటప్పుడు, నిజానికి అబద్ధం ఏమీ రాయడం లేదు కదా అని తనకు తాను చెప్పుకునేవాడు. అలా నెల గడిచింది. కాపలాకి వెళ్ళే ప్రతి జవానూ తన తుపాకీలో ఉప్మారవ్వ ఉందన్న నమ్మకంతో, దాన్ని చీపురుకట్టలా పట్టుకుని తిరిగాడు.

జూన్ మూడో వారంలో గాలివాన వచ్చింది. గుడారం కూలి ఉడుకుతున్న అన్నం కుండ మీద పడింది. సుంకులమ్మ తడిసిన బియ్యం బస్తా మీద కూర్చుని, ఎదురుగా ఖాళీగా, పొడిగా, తాళం వేసి ఉన్న తన ఇంటిని చూసింది. ఏడవలేదు. ఆమె ఏడిస్తే బాగుండునని మద్దిలేటికి అనిపించింది.

"వాన తగ్గనీ. సారుతో మాట్లాడతా" అన్నాడు.

"నువ్వు మాట్లాడిందంతా వాళ్ళు మద్దతు అని రాసుకుంటారు. ఇంగ నువ్వు మాట్లాడొద్దు."

మర్నాడు పదకొండింటికి తనిఖీ అధికారి జగదేకనాథం గారు వచ్చారు. సన్నగా, పొడుగ్గా, చేతిలో అట్టకు బిగించిన కాగితంతో. అందులో అరవై రెండు గళ్ళున్నాయి. ఒక్కోటీ చూసి టిక్కు పెడుతున్నారు. మనుషులు లేరు, టిక్కు. పొయ్యి లేదు, టిక్కు. నమూనా నిల్వాగారంగా పద్నాలుగో నంబరు క్వార్టరు చూపించారు. దాని గుమ్మంలో కాపలా కంబగిరి. కమాండెంట్ గారు, పరబ్రహ్మం, వెనకాల ఫైళ్ళు మోస్తూ మద్దిలేటి సున్నం గీత బయట నిలబడ్డారు.

అప్పుడు సుంకులమ్మ వచ్చింది. చంకలో గ్యాసు పొయ్యి, చేతిలో సంచి. తల దువ్వుకుని, నలగని చీర కట్టుకుని ఉంది. ఎవరివైపూ చూడకుండా సున్నం గీత దాటింది.

"ఆగు! ఎవరది?" కంబగిరి అలవాటు కొద్దీ అరిచాడు.

"నేనేలేరా. పొద్దున నీకు చట్నీ పోసింది ఎవరనుకున్నావు? జరుగు, మా ఇంట్లోకి పోవాల."

జగదేకనాథం గారు అట్ట పైకెత్తారు. ఆయన కళ్ళల్లో మొదటిసారి ఉత్సాహం కనిపించింది.

"సందర్భోచితంగా ఉంది. యాభై ఏడవ అంశం. 'నిషిద్ధ రేఖ దాటిన వ్యక్తిని కాపలాదారు మూడుసార్లు హెచ్చరించి, ఖాతరు చేయనిచో కాల్చునా?' దీనికి ఇంతవరకు ఎక్కడా నాకు ప్రత్యక్ష నిదర్శనం దొరకలేదు. మీ దగ్గర అమలులో ఉందా?"

"తప్పకుండా ఉంది!" అన్నారు కమాండెంట్ గారు. "కంబగిరీ, హెచ్చరించు."

"వదినా, ఆగు. వదినా, ఆగు వదినా."

"వదినా అనకూడదు. అది హెచ్చరికల కిందికి రాదు" అన్నారు జగదేకనాథం గారు.

కంబగిరి మూడుసార్లూ వదినా లేకుండా అరిచాడు. సుంకులమ్మ గుమ్మం మెట్ల ముందుకొచ్చి నిలబడింది. కమాండెంట్ గారు కంబగిరి దగ్గరికి నడిచి, గొంతు తగ్గించి చెప్పారు.

"గురి పెట్టి నొక్కు. ఏమీ కాదు. టిక్కుమంటుంది, ఆయన టిక్కు పెట్టుకుంటాడు. మందు వచ్చేస్తుంది."

కంబగిరి తుపాకీ ఎత్తాడు. "వదినా, ఎట్ల చెయ్యాల? నీ మీద గురి పెట్టాలంటే చెయ్యి రావడంల్యా."

సుంకులమ్మకు వాడిమీద జాలి కలిగింది. పొయ్యి ఈ చంకనుంచి ఆ చంకకు మార్చుకుంది.

"కాల్చు నాయనా. నీ ఉద్యోగానికి ముప్పు రానీకు. దాంట్లో ఉండేది నా చేత్తో వేయించిన రవ్వే కదా. టిక్కుమనిపిచ్చి పక్కకు జరుగు, ఎసరు పెట్టుకోవాల."

అందరూ నవ్వారు. పరబ్రహ్మం కూడా నవ్వాడు. జగదేకనాథం గారు పెన్ను మూత తీసి యాభై ఏడో గడి మీద పెట్టి ఎదురు చూశారు.

మద్దిలేటి చేతుల్లో ఫైళ్ళు జారిపోయాయి. ఆ తుపాకీలో ఉన్న అయిదు తూటాలూ పొద్దున ఆరింటికి తన చేత్తో పెట్టినవే. ఇరవై ఎనిమిదేళ్ళలో తన తూటా ఏదీ పేలకుండా వెనక్కి రాలేదు.

అరిచి చెప్పే వ్యవధి లేదు. సున్నం గీత మీద నుంచి యాభై నాలుగేళ్ళ మనిషి దూకి, కంబగిరి వేలు బిగుసుకునే లోపల తుపాకీ గొట్టం కిందనుంచి పైకి కొట్టాడు.

ఢామ్మని పేలింది.

మూడు నెలలుగా ఆ పటాలంలో తుపాకీ మోత ఎవరూ వినలేదు. చింతచెట్ల మీద పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. గుడారాల్లో పిల్లలు ఏడుపు అందుకున్నారు. కమాండెంట్ గారు నేలకు బోర్లా అతుక్కుపోయారు. జగదేకనాథం గారు తను వచ్చిన జీపు కిందికి ఎప్పుడు దూరారో ఎవరూ చూడలేదు. కంబగిరి తుపాకీ పారేసి, పాము కరిచినట్టు చేతులు విదిలిస్తున్నాడు.

"అవి నిజం తూటాలురా" అన్నాడు మద్దిలేటి. "నేనే పెట్టినా."

సుంకులమ్మ పొయ్యి కింద పెట్టింది. మొగుడి దగ్గరికి వచ్చి నిలబడింది. పైకి చూసింది, గుండు పోయిన దిక్కుకి.

"నాకన్నా చెప్పల్యా?"

"చెప్తే నీకు భయమేస్తాదని..."

"చెప్పకపోతే ఏమయ్యేదో చూసినావా?"

చూశాడు. అందుకే మెట్ల మీద కూలబడి, మొహం చేతుల్లో దాచుకున్నాడు. ఆమె పక్కనే కూర్చుంది. వీపు మీద చెయ్యి వేసింది.

కమాండెంట్ గారు లేచి దుమ్ము దులుపుకున్నారు. ఆయన మొహం కోపంతో కందిపోయింది. "పోలీసు తుపాకీలో పేలే తూటా! ఎవరి అనుమతితో?"

విచారణ నాలుగు రోజులు నడిచింది. విచారణాధికారి పక్క పటాలం నుంచి వచ్చిన పెద్దమనిషి, మంచి మర్యాదస్తుడు. మద్దిలేటిని కుర్చీలో కూర్చోబెట్టి మరీ అడిగాడు.

"ఈ తూటా పేలునని నీకు ముందే తెలుసునా?"

"తెలుసు సార్."

"తెలిసియుండియే ఇచ్చితివా?"

"పేల్తాదని తెలుసు కాబట్టే ఇచ్చినా సార్. తుపాకీ అంటే..."

"అడిగినదానికి మాత్రమే. అనగా ఉద్దేశపూర్వకము." రాసుకున్నాడు. "పదకొండు వేల ఉ.ర. తూటాలలో ఇంతవరకు ఒక్కటైనా ఎవరికైనా హాని కలిగించెనా?"

"లేదు సార్."

"నీవిచ్చిన వాటిలో పేలిన మొట్టమొదటి తూటా ఏమి చేసినది?"

మద్దిలేటి తలొంచుకున్నాడు. "నా భార్యను చంపబోయింది సార్."

"చూచితివా?" అన్నాడు విచారణాధికారి నిజమైన బాధతో.

నేరం రుజువైంది. రక్షక దళ సభ్యుల ఆయుధములలో పేలుడు స్వభావము గల తూటాలను ఉంచి ప్రాణాపాయ పరిస్థితి కల్పించుట. శిక్ష: పదవి నుంచి తొలగించి, ఆయుధాగారం వేరొకరికి అప్పగించాలి.

మరోపక్క జగదేకనాథం గారు జీపు కిందనుంచి బయటికొచ్చి, బట్టలు మార్చుకుని తన నివేదిక పంపించారు. నిల్వాగారమునకు పది అడుగుల దూరంలో తూటా పేలినందున ఈ ప్రాంగణము మందు నిల్వకు అత్యంత ప్రమాదకరముగా తేలినది. మందు భద్రత దృష్ట్యా అనుమతి నిరాకరించడమైనది. మనుషులు నివసించుటకు అభ్యంతరము లేదు.

ఆ సాయంత్రమే నూట ఇరవై కుటుంబాలు సున్నం గీత తొక్కుకుంటూ ఇళ్ళకు చేరుకున్నాయి. కరెంటు రావడానికి ఇంకో వారం పట్టింది గాని ఎవరూ అడగలేదు. కమాండెంట్ గారు పథకం లక్ష్యాన్ని మించి విజయవంతంగా ముగిసిందని నివేదిక పంపి, బదిలీ మీద రాజధానికి వెళ్ళిపోయారు. అక్కడ ఆయన్ని ఇప్పుడు అగ్నిమాపక శాఖలో కొత్త ఆలోచనలకు బాధ్యుణ్ణి చేశారట.

మద్దిలేటి ఆయుధాగారం అప్పగించడానికి తాళంచెవి పట్టుకుని సిద్ధంగా కూర్చున్నాడు. అప్పగింతలంటే సరుకు పేర్లతో సహా జాబితా రాయాలి. పదకొండు వేల ఉ.ర. తూటాల దగ్గర కలం ఆగింది. వాటిని తూటాలని రాస్తే పేలాలి. పేలవు. రవ్వ అని రాస్తే మెస్సు స్టోరు తీసుకోవాలి. గుండు ఉన్న రవ్వ మెస్సు వాళ్ళు తీసుకోరు. కొత్తగా వచ్చిన హెడ్ కానిస్టేబుల్ ఇది తేలేదాకా సంతకం పెట్టనని భీష్మించుకున్నాడు. పరబ్రహ్మం స్పష్టత కోరుతూ పైకి రాశాడు. పైనుంచి జవాబు రాలేదు. కాబట్టి శిక్ష పడిన మద్దిలేటే రోజూ తలుపు తీస్తున్నాడు, రోజూ వేస్తున్నాడు. ఉ.ర. తూటాలే ఇవ్వాలన్న ఉత్తర్వును రద్దు చేసే తీరిక కూడా ఎవరికీ చిక్కలేదు. అది అలాగే అమల్లో ఉంది.

జూలైలో ఒక మధ్యాహ్నం కంబగిరి వచ్చాడు. వెనకాల ఇంకో అయిదుగురు. అందరూ టోపీలు చేతిలో పట్టుకుని, మాట ఎలా మొదలుపెట్టాలో తెలియనట్టు నిలబడ్డారు. మద్దిలేటి వాళ్ళ ముందు ఉ.ర. తూటాల పెట్టె తెరిచి పెట్టాడు. ఉత్తర్వు ప్రకారం ఇవ్వాల్సింది అదే. ఎవరూ చెయ్యి పెట్టలేదు.

"అన్నా" అన్నాడు కంబగిరి చివరికి. "రేపు ముగ్గురు ఖైదీలను తీసుకొని ఘాటురోడ్డు మీద పోవాల. మొన్న ఒకడు సంకెళ్ళతోనే డ్రైవరు గొంతు పట్టుకున్యాడంట."

"ఊ."

"నీమీద ఎట్లాగూ ఒక నేరం రుజువై ఉండాది కదన్నా." వాడు నేల చూపులు చూస్తూ, ఒక్కో మాటే కూడబలుక్కున్నాడు. "మాకోసం ఇంగొక్కసారి చెయ్యరాదా?"

మద్దిలేటి వాళ్ళ మొహాలు చూశాడు. ఆరుగురూ చిన్నవాళ్ళే. ఆయన పెట్టె మూసి, మొలలో తాళంచెవి తడుముకుంటూ, లోపలి గది వైపు నడిచాడు.